ముఖానికి రాసే కీమో: ఎర్రగా మండించి నయం చేసే క్రీమ్ సంగతి

ఆస్ట్రేలియాలో పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండి రావడానికి వెళ్లిన మన పెద్దవాళ్లకు అక్కడ ఒక వింత కంటబడే అవకాశం ఉంది. మొన్నటిదాకా మామూలుగా ఉన్న పక్కింటి పెద్దాయన ముఖం ఇవాళ నిప్పుసెగ తగిలినట్టు కందిపోయి, నుదుటిమీద, ముక్కుమీద పక్కులు కట్టి ఉంటుంది. ఏమైందని కంగారుగా అడిగితే ఆయన తాపీగా "కీమో క్రీమ్ రాస్తున్నా, ఇంకో రెండు వారాలు ఇంతే" అంటాడు.

కీమో అన్న మాట వినగానే మన మనసు ఆస్పత్రికి పోతుంది. సెలైన్ సీసా, రాలిపోయిన జుట్టు, వాంతులు, ఇల్లంతా టెన్షన్. ఈయనేమో ఇంట్లోనే అద్దం ముందు నిలబడి ట్యూబులోంచి తీసి రాసుకుంటున్నాడు. పైగా క్యాన్సర్ లేదంటున్నాడు. క్యాన్సర్ లేనివాడికి కీమో ఎందుకు? నయం చేసే మందే అయితే ముఖం ఇలా ఎందుకైంది? రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది. అక్కడికి కాస్త మెల్లగా వెళ్దాం.

ట్యాన్ కాదు, మంగు కాదు

ఎండవల్ల చర్మం పాడైంది అంటే మనకు గుర్తొచ్చేవి రెండు. ఒకటి ట్యాన్: ఎండలో తిరిగితే చేతులు, మెడ నల్లబడతాయి, నీడపట్టున ఉంటే కొన్ని వారాల్లో తగ్గుతుంది. రెండోది మంగు: బుగ్గల మీద గోధుమరంగు మచ్చలు. రెండూ రంగుకు సంబంధించినవే. మనం మాట్లాడుకుంటున్న క్రీమ్‌కు ఈ రెండింటితోనూ పని లేదు.

ఆ క్రీమ్ వేటాడేది యాక్టినిక్ కెరటోసిస్ అనే దాన్ని. ఆస్ట్రేలియాలో సోలార్ కెరటోసిస్ అని కూడా అంటారు. ఏళ్ల తరబడి ఎండ తగిలిన చోట, అంటే నుదురు, చెవుల అంచులు, బట్టతల, ముంజేతుల మీద, చిన్న గరుకు మచ్చలుగా వస్తుంది. కంటికి ఆనడానికి ముందే వేలికి తెలుస్తుంది: మెత్తటి చర్మం మీద వేలు జారుతూ పోయి, ఉప్పు కాగితం ముక్క అంటించినట్టున్న చోట ఆగుతుంది. గోకితే పైపొర ఊడుతుంది, కొన్నాళ్లకు మళ్లీ అక్కడే వస్తుంది.

ఇది క్యాన్సర్ కాదు. కానీ ఇందులో కొన్ని ముదిరి స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్‌గా మారతాయి. ఏవి మారతాయో, ఏవి వాటంతటవే పోతాయో మచ్చను చూసి ఎవరూ చెప్పలేరు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఇద్దరు చెరకు రైతులు

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో బండబర్గ్ అనే ఊరుంది. మనకు అనకాపల్లి బెల్లంలా అక్కడ చెరకుకు, పంచదారకు పేరు. బండబర్గ్‌లో 68 ఏళ్ల తెల్లజాతి రైతు ఒకాయన, అనకాపల్లి దగ్గర అదే వయసు రైతు ఒకాయన. ఇద్దరూ యాభై ఏళ్లుగా చెరకు తోటల్లో ఎండలో పనిచేసినవాళ్లే. నిజానికి భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నది అనకాపల్లే. అయినా గరుకు మచ్చలు వచ్చింది బండబర్గ్ రైతుకు.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మకణాల్లోకి దూరి డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. డీఎన్‌ఏ అంటే నాలుగు రకాల పూసలు గుచ్చిన దండ అనుకుంటే, అందులో ఒక రకం పూస పేరు థైమిన్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని పడుతుంది. పక్కపక్కనే రెండు థైమిన్‌లుంటే, ఈ కిరణాల దెబ్బకు అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. సైటోసిన్ అనే ఇంకో పూసకూ ఇదే గతి పట్టవచ్చు. కణం తన మరమ్మతు సరంజామాతో ఆ ముక్కను కత్తిరించి తీసేసి, కొత్త పూసలు గుచ్చి సరిచేస్తుంది. రోజూ జరిగే పనే. ఎప్పుడో ఒకసారి మరమ్మతు తప్పిపోయి, ఆ తప్పు అలాగే ఉండిపోతుంది.

అలాంటి తప్పు పీ53 అనే జన్యువులో పడితే కథ మారుతుంది. పీ53 కణానికి కాపలాదారు లాంటిది. బాగుచేయలేనంతగా పాడైన కణాన్ని తనంతట తానే చచ్చిపోయేలా చేస్తుంది. తెల్లవాళ్లకు బాగా ఎండ తగిలాక చర్మం పొరలుగా ఊడేది ఇందుకే. కాపలాదారు పోయిన కణానికి ఆ చావు ఉండదు. పక్కన మంచి కణాలు చనిపోయి ఖాళీ ఏర్పడితే, ఇది చీలి పిల్లలు పెట్టి ఆ స్థలం ఆక్రమిస్తుంది. అంటే ప్రతి ఎండా మంచివాటిని ఏరేస్తూ చెడ్డవాటికి చోటిస్తోందన్నమాట.

అందువల్ల పైకి నాలుగు మచ్చలే కనిపించినా, వాటి మధ్యనున్న నున్నటి చర్మంలోనూ చెడు కణాల గుంపులు ఉంటాయి. 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో నలుగురు వ్యక్తుల కనురెప్పల చర్మాన్ని, పైకి ఏ మచ్చా లేనిదాన్ని, పరీక్షించి చూశారు. దాదాపు 18 నుంచి 32 శాతం కణాల్లో, తోటి కణాలను నెట్టి పెరగడానికి తోడ్పడే మార్పులు కనిపించాయి. చూడ్డానికి అది మామూలు చర్మమే. పొలం అంతా విత్తనాలు పడ్డాయి, నాలుగు చోట్ల మాత్రం కలుపు మొలిచి కనబడుతోంది.

ఒక్కో మచ్చను ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి రాల్చేయడం, మొలిచిన కలుపును పీకడం లాంటిది. రెండు మూడు మచ్చలుంటే అదే హాయి, ఒక్కపూటలో అయిపోతుంది. నుదురంతా పరుచుకున్నప్పుడు పొలం మొత్తానికి మందు వేయాల్సి వస్తుంది.

తాళంలో విరిగిన చెవి

ఆ మందు పేరు ఫ్లోరోయురాసిల్. దాని పుట్టుక వెనక ఒక చిన్న గమనిక ఉంది. ఎలుకల కాలేయంలో పెరిగిన కణితులు, మామూలు కణజాలంకంటే ఎక్కువగా యురాసిల్ అనే పదార్థాన్ని వాడుకుంటున్నాయని 1950లలో తేలింది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే చార్లెస్ హైడెల్బర్గర్ దీన్ని పట్టుకున్నారు. క్యాన్సర్ కణానికి అంత ఇష్టమైన పదార్థం రూపంలోనే విషం పెడితే? యురాసిల్‌లో ఒకచోట ఉన్న హైడ్రోజన్‌ను తీసేసి ఫ్లోరిన్‌ను పెట్టారు. 1957లో ఆ మందు లోకానికి తెలిసింది.

కణం చీలాలంటే ముందు తన డీఎన్‌ఏకు నకలు తీసుకోవాలి. నకలుకు థైమిన్ కావాలి. యురాసిల్ కుటుంబానికి చెందిన ఒక అణువుకు సరిగ్గా ఆ హైడ్రోజన్ ఉన్న చోటే చిన్న కొస తగిలించి, థైమిడిలేట్ సింథేజ్ అనే ఎంజైమ్ థైమిన్ సరుకు తయారుచేస్తుంది. ఫ్లోరిన్ పరిమాణంలో హైడ్రోజన్‌కు దగ్గరగానే ఉంటుంది కాబట్టి ఎంజైమ్ తేడా గుర్తుపట్టదు. మందును లోపలికి తీసుకుని పని మొదలుపెడుతుంది. కానీ ఫ్లోరిన్ బంధం గట్టిది, తెగదు. విరిగిన తాళంచెవి తాళంలో ఇరుక్కున్నట్టు, ఇక ముందుకు తిరగదు, వెనక్కి రాదు. ఆ ఎంజైమ్ పని అయిపోయినట్టే. మందు డీఎన్‌ఏకు చుట్టమైన ఆర్‌ఎన్‌ఏలోకి కూడా చొరబడి ఇంకొంత నష్టం చేస్తుంది.

థైమిన్ అందని కణం నకలు సగంలో ఉండగా చచ్చిపోతుంది. తొందరతొందరగా చీలే కణానికి ఈ కరువు ముందు తగులుతుంది. చెడ్డ కణాలున్న చోట పైపొర కూడా అస్తవ్యస్తంగా ఉంటుంది, కాబట్టి మందు అక్కడే ఎక్కువగా ఇంకుతుంది. పక్కనున్న మంచి చర్మం కూడా కొంత ఎర్రబడుతుంది కానీ, నిలదొక్కుకుంటుంది.

ఇంజక్షన్ మందు క్రీమ్ ఎలా అయిందన్నది నాకు ఈ మొత్తంలో బాగా నచ్చిన ఘట్టం. 1960ల మొదట్లో వేరే క్యాన్సర్లకు ఈ మందు శరీరంలోకి ఎక్కించుకుంటున్న రోగుల్లో డాక్టర్లు ఒక సంగతి చూశారు. వాళ్ల ముఖాల మీదున్న పాత గరుకు మచ్చలు మాత్రం ఎర్రగా వాచి, తర్వాత మాయమవుతున్నాయి. చుట్టూ చర్మం బాగానే ఉంది. ఎక్కడో పేగుకో రొమ్ముకో ఇచ్చిన మందు, ఎవరూ చెప్పకుండానే చెడు కణాలను వెతుక్కుంటూ నుదుటిదాకా వచ్చింది. మరి నేరుగా అక్కడే రాస్తే సరిపోదా? అలా మొదలైన ప్రయోగాల తర్వాత, 1970లో అమెరికాలో 5 శాతం క్రీమ్‌కు అనుమతి వచ్చింది.

అద్దంలో నాలుగు వారాలు

బండబర్గ్ రైతు దగ్గరికి తిరిగి వద్దాం. 5 శాతం క్రీమ్‌ను సాధారణంగా రోజుకు రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడతారు.

మొదటి మూడు నాలుగు రోజులు అద్దంలో ఏమీ ఉండదు. మందు నకిలీదేమోనన్న అనుమానం కూడా వస్తుంది. వారం తిరిగేసరికి మచ్చలున్న చోట గులాబీరంగు. తర్వాత అసలు ఆశ్చర్యం: మచ్చలు లేవనుకున్న చోట్ల కూడా ఎర్రటి చుక్కలు లేస్తాయి. కణత దగ్గర ఒకటి, కనుబొమ పైన రెండు, చెవి ముందు ఇంకోటి. నాలుగు మచ్చలకని మొదలుపెడితే పదిహేను తేలాయి. క్రీమ్ కొత్తగా రోగం అంటించిందని చాలామంది భయపడేది ఇక్కడే. అది తెచ్చినవి కావవి. ఇరవై ముప్పై ఏళ్ల కిందటి ఎండలు చర్మంలో దాచి ఉంచిన గుంపులు, చస్తూ బయటపడుతున్నాయి.

రెండు, మూడు వారాల్లో పరిస్థితి బాగా ముదురుతుంది. మంట, దురద, రసి కారడం, పక్కులు. దిండు గలీబుకు ముఖం ఒత్తుకుంటే నొప్పి. ముఖం కడుక్కుంటే చుర్రుమంటుంది. పెళ్లికో ఫంక్షన్‌కో వెళ్లాలంటే మొహమాటం. నాలుగో వారం దాకా ఓర్చుకోవడం చిన్న విషయం కాదు.

మందు ఆపాక రెండు వారాల్లో పక్కులు రాలి కింద లేత చర్మం వస్తుంది. గులాబీరంగు పూర్తిగా పోవడానికి ఒకటి రెండు నెలలు పట్టవచ్చు. రైతు మళ్లీ వేలితో నుదురు తడుముకుంటే ఉప్పు కాగితం తగలదు.

అంకెలు చెప్పేదీ, చెప్పనిదీ

ఇంత బాధ పెట్టే మందు నిజంగా మిగతావాటికంటే మెరుగేనా? నెదర్లాండ్స్‌లో 624 మందిని నాలుగు గుంపులు చేసి, నాలుగు రకాల చికిత్సలిచ్చి పోల్చారు. ఫలితాలు 2019లో వచ్చాయి. ఏడాది తర్వాత కూడా మచ్చలు కనీసం ముప్పావు వంతు తగ్గి ఉన్నవారు ఫ్లోరోయురాసిల్ గుంపులో 74.7 శాతం, ఇమిక్విమాడ్ క్రీమ్ గుంపులో 53.9 శాతం, మందు రాసి వెలుతురు పెట్టే ఫొటోడైనమిక్ చికిత్సలో 37.7 శాతం, ఇంజినాల్ జెల్‌లో 28.9 శాతం. పాత మందే గెలిచింది. ఇంజినాల్‌ను ఆ మరుసటి ఏడాది ఐరోపాలో మార్కెట్ నుంచి తీసేశారు, చర్మ క్యాన్సర్ ముప్పు పెంచుతుందేమోనన్న అనుమానంతో.

మచ్చలు తగ్గడం ఒకటి, క్యాన్సర్ రాకుండా ఆగడం ఒకటి. రెండో ప్రశ్నకు జవాబు వెతికింది అమెరికాలో మాజీ సైనికుల మీద చేసిన పరీక్ష. అంతకుముందే చర్మ క్యాన్సర్లు వచ్చినవాళ్లు, 932 మంది. సగం మందికి ఫ్లోరోయురాసిల్, సగం మందికి మందులేని ఉత్త క్రీమ్, ముఖానికీ చెవులకూ, నాలుగు వారాల వరకు. 2018లో వచ్చిన ఫలితం వార్తల్లో "స్క్వేమస్ క్యాన్సర్ 75 శాతం తగ్గింది" అని కనబడుతుంది.

ఆ 75 శాతాన్ని విప్పి చూద్దాం. ఆపరేషన్ అవసరమైన స్క్వేమస్ క్యాన్సర్ మొదటి ఏడాదిలో ఉత్త క్రీమ్ గుంపులో 100 మందిలో సుమారు 4 మందికి వచ్చింది, మందు గుంపులో ఒకరికి. నాలుగు నుంచి ఒకటికి పడితే తగ్గుదల 75 శాతమే, అబద్ధం లేదు. కానీ ఇంకోలా చూస్తే, 100 మంది నాలుగు వారాలు మంట భరిస్తే ముగ్గురికి ఆపరేషన్ తప్పింది. పైగా ఆ తేడా మొదటి ఏడాదిదే. నాలుగేళ్లు మొత్తంగా చూస్తే రెండు గుంపుల మధ్య నమ్మదగ్గ తేడా మిగల్లేదు. మందు పొలాన్ని శుభ్రం చేస్తుంది, శాశ్వతంగా కాదు.

అసలు అన్నిటికీ వైద్యం కావాలా?

ఇక్కడ డాక్టర్లలోనే రెండు పక్షాలున్నాయి. ఇంకో అధ్యయనం అంకెలు తీసుకుందాం, అవీ అమెరికా మాజీ సైనికులవే, ముప్పు ఎక్కువున్నవాళ్లవే. అందులో ఒక మచ్చ ఏడాదిలో స్క్వేమస్ క్యాన్సర్‌గా మారే అవకాశం 0.6 శాతం, నాలుగేళ్లలో సుమారు 2.6 శాతం. 1000 మచ్చలను వదిలేస్తే ఏడాదికి ఆరు, నాలుగేళ్లకు ఇరవై ఆరు క్యాన్సర్లు. అదే అధ్యయనంలో, సగానికి పైగా మచ్చలు ఏడాది తర్వాత చూస్తే కనబడలేదు.

ఒక పక్షం దీన్ని చూపించి, వెయ్యింటిలో తొమ్మిదివందలకు పైగా ఏ హానీ చేయనివాటికి "క్యాన్సర్ ముందుదశ" అని పేరుపెట్టి ముసలివాళ్లను భయపెట్టడం న్యాయమా అంటుంది. ఎనభై ఐదేళ్ల మనిషికి రెండు మచ్చలుంటే కనిపెట్టుకుని ఉండటం చాలంటుంది. ఇంకో పక్షం అదే కాగితంలోంచి ఇంకో అంకె చూపిస్తుంది: ఆ గుంపులో కొత్తగా వచ్చిన స్క్వేమస్ క్యాన్సర్లలో దాదాపు 65 శాతం, అంతకుముందు గరుకు మచ్చగా గుర్తించిన చోటే పుట్టాయి. పుట్టినిల్లు తెలిసీ ఎందుకు వదలాలి? నాకు రెండు వాదనలూ నిజమే అనిపిస్తాయి, ఎందుకంటే రెండూ వేర్వేరు మనుషుల గురించి. బండబర్గ్ రైతుకు పదిహేను మచ్చలున్నాయి, ఒకసారి క్యాన్సర్ తీయించుకున్నాడనుకుంటే ఆయన లెక్క రెండో పక్షానిది. కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారి లెక్క ఇంకా గట్టిగా అటే మొగ్గుతుంది.

బాధను తగ్గించే దారి మీద కూడా చర్చ ఉంది. సోరియాసిస్‌కు వాడే కాల్సిపోట్రయోల్ అనే విటమిన్ డి రకం మందును ఫ్లోరోయురాసిల్‌తో కలిపి నాలుగు రోజులే రాస్తే, ముఖం మీద మచ్చలు సగటున 87.8 శాతం తగ్గాయని 2017లో ఒక పరిశోధన చెప్పింది. ఈ జోడీ చర్మంలో రోగనిరోధక కణాలను పిలిచి చెడు కణాల మీదికి పంపుతుందని పరిశోధకుల వివరణ. నాలుగు వారాల బదులు నాలుగు రోజులంటే ఎవరికి చేదు? కానీ ఒక మెలిక ఉంది. పోల్చింది వాజిలీన్‌లో కలిపి నాలుగు రోజులే వాడిన ఫ్లోరోయురాసిల్‌తో, అందులో 26.3 శాతమే తగ్గాయి. మామూలుగా వాడే నాలుగు వారాల పద్ధతితో ఆ పరీక్షలో పోల్చలేదు. మూడేళ్ల తర్వాత జోడీ వాడినవారికి క్యాన్సర్లు తక్కువ వచ్చాయని కూడా తేలింది కానీ, లెక్కలోకి వచ్చినవారు కొన్ని పదుల మందే.

కీమో అన్న పేరు చేసే హాని రెండువైపులా

ఈ క్రీమ్ రాసుకుంటే జుట్టంతా రాలదు, వాంతులు కావు. రాసిన మందులో శరీరంలోకి ఇంకేది సుమారు 6 శాతమని పాత క్రీమ్ వివరాల్లో ఉంది. ఆ కొంచెంలో కూడా ఎక్కువ భాగాన్ని డీపీడీ అనే ఎంజైమ్ విరిచేస్తుంది. పేరు విని భయపడి మందు వద్దనేవాళ్లు నష్టపోతున్నారు.

అలాగని ఫేస్‌క్రీమ్ అనుకోవడానికీ లేదు. పుట్టుకతోనే డీపీడీ లేనివారు అరుదుగా ఉంటారు, వాళ్లకు ఆ కొంచెమే ప్రమాదం కావచ్చు. కడుపుతో ఉన్నవారికి ఈ మందు ఇవ్వరు. పెంపుడు కుక్కలు ట్యూబు కొరికి చనిపోయిన ఘటనలతో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరిక జారీచేసింది. ముద్దుగా చెంప నాకే కుక్క ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

అనకాపల్లి రైతు ముఖం

ఆయన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువగా ఉంది. రంగు కోసం కాదది. చర్మకణం లోపల డీఎన్‌ఏ ఉన్న గది మీద టోపీలా కూర్చుని నీడనిస్తుంది. 1979లో వచ్చిన ఒక కొలత ప్రకారం తెల్లవారి చర్మం పైపొరలోంచి యూవీబీ అనే రకం అతినీలలోహిత కిరణాలు 24 శాతం లోపలికి పోతే, నల్లజాతివారి చర్మంలోంచి 7.4 శాతమే పోయాయి. మన రంగులు ఈ రెండింటి మధ్య ఉంటాయి. అందుకే మన ఊళ్లలో గరుకు మచ్చలు అరుదు, ఈ క్రీమ్ పేరు విన్నవాళ్లూ తక్కువే. ఇక్కడ చర్మ డాక్టర్లు ఫ్లోరోయురాసిల్‌ను ఎక్కువగా పులిపిర్లు, కీలాయిడ్లు (గాయం మానాక ఉబ్బి పెరిగే మచ్చలు), బొల్లి వంటివాటికి వాడతారు.

ఎండకు పాడైన చర్మానికి మందట అని విని మంగుకో ట్యాన్‌కో దీన్ని రాసుకుంటే జరిగేది తిరగబడుతుంది. మన చర్మం ఎక్కడ వాచి మండినా, తగ్గాక అక్కడ నల్లమచ్చ మిగులుస్తుంది. మొటిమ తగ్గాక నెలల తరబడి ఉండే మచ్చ లాంటిదే. తెల్లబడాలని రాసిన చోటే ఇంకా నల్లబడుతుంది.

మనవాళ్లలోనూ ఈ క్రీమ్ నిజంగా అవసరమయ్యేవాళ్లున్నారు. పుట్టుకతో మెలనిన్ లేని ఆల్బినిజం ఉన్నవాళ్లు. ఎండ తగిలితే డీఎన్‌ఏను బాగుచేసుకోలేని జీరోడెర్మా పిగ్మెంటోసమ్ ఉన్న పిల్లలు. అనకాపల్లి ఎండ వాళ్ల చర్మానికి బండబర్గ్ ఎండే. వాళ్లలో ఒకరు క్రీమ్ మొదలుపెట్టి, రెండో వారంలో ముఖం ఎర్రగా కంది, లేవనుకున్న చోట్ల కూడా చుక్కలు లేచాయనుకోండి. బండబర్గ్ వీధిలో ఆ ముఖం అందరికీ అలవాటే. మన వీధిలో అయితే చూసినవాళ్లంతా "మందు పడలేదు, ఆపెయ్" అంటారు. మందు పడుతోంది అనడానికి గుర్తు ఆ ఎరుపేనని చెప్పేవాళ్లు పక్కన లేకపోతే, ట్యూబు రెండో వారంలోనే చెత్తబుట్టలోకి పోతుంది.